మ్యాండ్రిల్ మీది పసుపు

రెండు గ్రాములు. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పకుండా నేను మోస్తున్న బరువును తూకం వేస్తే అంతే ఉంటుంది. చిటికెడు ఉప్పంత. ఆ చిటికెడు కింద ఒక మంచి మనిషిని నలగనిచ్చాను. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు ఒక మాట. నేను పనిమంతురాలిని. గొప్ప కోసం చెప్పడం లేదంటే అబద్ధం, గొప్ప కోసమే చెబుతున్నాను. 2009లో బౌరంపేట్ నుంచి రెండు బస్సులు మారి మేడ్చల్‌లో పనికి వెళ్లడం మొదలుపెట్టినప్పుడు ఆ షెడ్డులో ఆడవాళ్లంతా ప్యాకింగ్‌లోనే ఉండేవారు. మెషిన్ మీద నిలబడింది నేనొక్కదాన్నే. మేం చేసేది మంచు మీద పరుగెత్తే బండ్లకు పెట్టే క్లచ్‌లు. మంచు అంటే మాకు ఎండాకాలం గోలా బండి మీద గీకే ఐసే. ఎక్కడో చలిదేశంలో జనం మంచు మీద బండ్లు తోలుతున్నారని, వాటి కడుపులో తిరిగేది మా చేతి సరుకని తలుచుకుంటే నా తల కాస్త పైకి లేచేది. ఇప్పటికీ లేస్తుంది.

ఆ క్లచ్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ఒక పక్క రవ్వంత బరువెక్కువైనా ఊరుకోదు. ఒక రెక్క వంగిన సీలింగ్ ఫ్యాన్ ఎలా ఊగుతుందో చూసే ఉంటారు, బండి మొత్తం అలా ఊగుతుంది. నా పని ఆ బరువైన చోటును పట్టుకోవడం. క్లచ్‌ను మ్యాండ్రిల్ అనే ఉక్కు కడ్డీకి తొడిగి బ్యాలెన్సింగ్ మెషిన్ మీద తిప్పుతాను. ఏ పక్క ఎంత ఎక్కువో మెషిన్ చూపిస్తుంది. అక్కడ సుద్దతో గీత పెడతాను. పక్కన డ్రిల్లింగ్ మెషిన్ మీద ఉండే ఖాజా చాచా ఆ గీత దగ్గర చిన్న గుంట తొలిచి బరువు తీసేస్తాడు. మళ్లీ తిప్పి చూస్తాను. ముల్లు సున్నా మీద నిలబడితే పాసు. చివరగా చాచా ఆ గుంట అంచుల్ని నున్నగా చేసి పెట్టెలో పెడతాడు.

ఖాజా చాచాది శామీర్‌పేట. అప్పటికే యాభై దాటాయి. ఈ పని నాకు నేర్పింది ఆయనే. అన్నిటికంటే ముందు నేర్పింది, మ్యాండ్రిల్‌ను నమ్మకపోవడం. రోజూ మొదటి క్లచ్‌ను ఒకసారి తిప్పి చూశాక దాన్ని విప్పి, సగం చుట్టు మళ్లించి, తిరిగి తొడిగి చూడాలి. బరువైన చోటు క్లచ్‌తో పాటు మళ్లితే తప్పు క్లచ్‌ది. మళ్లకుండా అక్కడే ఉంటే తప్పు మ్యాండ్రిల్‌ది. ఐదు నిమిషాల పని. రెండేళ్లకు పైగా మానకుండా చేశాను. ఒక్కరోజూ మ్యాండ్రిల్‌లో తప్పు దొరకలేదు. తర్వాత మానేశాను. ఎందుకు మానేశాను? బద్ధకమా? కాదు. నేను బిగించిన మ్యాండ్రిల్ తప్పుతుందా అనే పొగరు.

2012 దసరా వచ్చింది. ఆయుధ పూజకు షెడ్డంతా కడిగాం. చాచా ఎప్పటిలాగే తన ఇంటి చెట్టు నిమ్మకాయలు సంచి నిండా తెచ్చాడు. మిగతావాళ్లు మెషిన్ మూత మీద నాలుగు బొట్లు పెట్టి ఊరుకుంటే, నేను మ్యాండ్రిల్‌కు కూడా పెట్టాను, నాకు అన్నం పెట్టేది అదే కదా అని. నూనెలో కలిపిన పసుపు, దాని మీద కుంకుమ. సెలవు అయ్యాక వచ్చి గుడ్డతో తుడిచాను. కడ్డీ మీద క్లచ్ ఆనుకునే మెట్టు మూలలో, గుడ్డ అందని చోట, పసుపు ఎండి పక్కు కట్టి ఉండిపోయింది. నేను చూడలేదు. సగం మళ్లించి చూసి ఉంటే మెషినే చెప్పేది.

ఆ వారమంతా ప్రతి క్లచ్ వెంట్రుకవాసి పక్కకు జరిగి కూర్చుంది. లేని బరువును మెషిన్ చూపించింది. నేను గీత పెట్టాను, చాచా తొలిచాడు. బాగున్నవాటిని ఇద్దరం కలిసి చెడగొట్టి, సున్నా వచ్చిందని సంబరంగా పెట్టెల్లో పెట్టాం.

వారం తర్వాత మ్యాండ్రిల్ కడుగుతుంటే గోటికి గరుకుగా తగిలింది. గీకితే పసుపు పొడి రాలింది. ఆ వారం మెషిన్ చూపించిన బరువు ఎక్కడిదో అర్థమైంది. పెట్టెలు అప్పటికే లారీ ఎక్కాయి, ఇంకా ఓడ ఎక్కలేదు. అప్పుడు నోరు తెరిచి ఉంటే సరుకు వెనక్కి వచ్చేది. కానీ బయటి నుంచి ఎవరొచ్చినా మేనేజర్ మొదట నా దగ్గరికే తీసుకొచ్చి, మా దగ్గర ఆడపిల్ల నడిపే మెషిన్ ఇది అని చూపించేవాడు. ఆడదాన్ని మెషిన్ మీద పెడితే ఇంతే అనే మాట కోసం కాచుకుని కూర్చున్నవాళ్లు షెడ్డులో ఎందరో నాకు తెలుసు. అది నిజమైన భయమే. అయినా అది భయమేనా, లేక ఒక్క పీసూ తప్పు పోనివ్వనిదాన్ననే పేరు మీద మోజా? ఇప్పటికీ విడదీయలేను. పక్కును శుభ్రంగా గీకేసి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను.

కొత్త సంవత్సరంలో ఫిర్యాదు వచ్చింది. బండ్లు వణుకుతున్నాయట. కొన్ని క్లచ్‌లు తిరిగొచ్చాయి. వాటిని నా మెషిన్ మీదే, శుభ్రమైన మ్యాండ్రిల్ మీద తిప్పి చూశారు. ఒక్కోదాంట్లో రెండు గ్రాముల తేడా, అదీ గుంట తొలిచిన పక్కనే తక్కువ. పాస్ చేసినప్పుడు నేను రాసిన కార్డుల్లో అన్నీ సున్నాలు. లెక్క వాళ్లకు తేలిగ్గా తేలింది. నేను పాస్ చేశాక, అంచులు నున్నగా చేసేటప్పుడు చాచా డ్రిల్ లోపలికి దిగింది. ముసలాయన చెయ్యి వణుకుతోందన్నారు. అందరూ తలలూపారు. నా తలా ఊగింది.

మధ్యాహ్నం చాచా నా దగ్గరికి వచ్చాడు. కోపంగా కాదు.

“బిడ్డా, ఒక్క మాట అడుగుత. పండుగ అయినంక మొదటి క్లచ్ సగం మళ్లేసి చూసినవా?”

“చూసిన చాచా.”

“మ్యాండ్రిల్ మంచిగనే ఉండెనా?”

“మంచిగనే ఉండె.”

ఆయన తన కుడిచేతిని ముందుకు చాపి, వెనక్కి ముందుకి తిప్పి చూసుకున్నాడు.

“నువ్వు చూసిన అన్నవంటే చూసినట్టే. అయితే నా చెయ్యే తప్పింది బిడ్డా. నాకే ఎరుకైతలేదు సూడు.”

మేనేజర్ మాటను నమ్మనివాడు నా మాటను నమ్మాడు. ఎవరూ పొమ్మనలేదు. తనే డ్రిల్లింగ్ మెషిన్ వదిలి ప్యాకింగ్‌కు వెళ్లాడు, నెల తిరక్కుండా పనే మానేశాడు. నన్ను సెక్షన్‌కు పెద్దను చేశారు.

2014లో చెప్పేద్దామని గుండె గట్టి చేసుకుని శామీర్‌పేట వెళ్లాను. చాచా తన తమ్ముడి మోటార్ల రిపేరు దుకాణం ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒకతను ఇనుప పట్టీ తెచ్చి రంధ్రం వేసిమ్మన్నాడు. “తమ్ముడు వస్తడు, జర ఆగు. నా చెయ్యి సక్కగ లేదు” అన్నాడు చాచా. తర్వాత ఫ్లాస్కులోంచి నాకు చాయ్ పోశాడు. గ్లాసు అంచుదాకా నింపాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో చాచా ఆ పట్టీ మనిషితో నన్ను చూపిస్తూ అన్నాడు.

“గీ బిడ్డకు పని నేర్పింది నేనే. మస్తు పనిమంతురాలు. ఇప్పటిదాంక ఒక్క పీసు తప్పు పోలే.”

అప్పుడు నాకు ఏమనిపించిందో తెలుసా? సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది గర్వం. ఆ ముసలి మొహంలో నా గురించి అంత వెలుగు చూసి, దాన్ని నా చేత్తో ఆర్పుకోలేక, చాయ్ తాగి బస్సెక్కాను. మళ్లీ వెళ్లలేదు.

పని విషయంలో ఇప్పుడూ నాకు గర్వమే. నా కింద పనిచేసేవాళ్లు రోజూ మొదటి క్లచ్ మళ్లించకుండా ముందుకు పోరు, పోనివ్వను. అది చాచా నేర్పిన పని అని వాళ్లకు చెబుతాను. మిగతాది చెప్పను. చాచా తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. అది తెలిసే ఇదంతా రాస్తున్నానా అని నన్ను నేను అడుగుతున్నాను. అవుననే అనుకుంటున్నాను.

ఖాజా చాచా చెయ్యి తప్పలేదు. తప్పింది నేను. ఈ రెండు మాటలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాసినంత మాత్రాన ఆయన మళ్లీ డ్రిల్ పట్టడు, నాకు తెలుసు. కానీ ఒక్కచోటైనా, ఒక్క కాగితం మీదైనా, ఆ చెయ్యి మంచిదని రాసి ఉంది.