నాచు సీసా, చీకటి వేషం

ఆ ల్యాబ్‌లో ఆమెను అందరూ చేపలామె అంటారు. చేపలు అమ్మదు, కోయదు, పెంచుతుంది. గాజు తొట్లలో చిటికెన వేలంత చారల చేపలు వందలకొద్దీ ఉంటాయి. వాటికి మేత వేయాలి, తొట్లు తోమాలి, పెట్టిన గుడ్లను సన్నని గొట్టంతో పీల్చి గాజు పళ్ళేల్లో వేయాలి. అక్కడి నుంచి ల్యాబ్ నడిపే సారు పని. ఆయన సముద్రపు నాచును ఎండబెట్టి, నానబెట్టి, వడగట్టి సారం తీస్తాడు. ఆ సారం కలిపిన పళ్ళెంలో పిల్ల చేపలకు ఒంటి మీద నల్ల చుక్కలు సరిగా పట్టవు, ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డలా ఉంటాయి. మనుషుల రంగు తగ్గించే మందు ఇందులో దొరుకుతుందేమోనని ఆయన ఆశ.

"ఇంకా చేపల దగ్గరే ఉన్నామండీ, మనుషుల దాకా వస్తుందో రాదో!" అని ఆయన నిజాయితీగానే చెప్తాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు మాత్రం ఆ మాట వదిలేసి చేపలామె వైపు తిరుగుతారు. "ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నావు కదమ్మా, నీకింకా అంటలేదేం?" అంటారు. ఆమెది నిగనిగలాడే నలుపు. ఆమె పళ్ళికిలించి ఊరుకుంటుంది. వాళ్ళు వెళ్ళాక తొట్టిని అరిగిపోయేలా తోముతుంది.

ఒక సాయంత్రం కూతురు బడి నుంచి వచ్చి సంచీ విసిరేసింది. ఇంట్లో దాన్ని బుడ్డి అంటారు. అచ్చు తల్లి రంగే.

"నాటకంలో నాకు చీకటి వేషం ఇచ్చారు. నల్ల దుప్పటి కప్పుకుని కూచోవాలి. చందమామ రాగానే 'అమ్మో' అని పారిపోవాలి. అంతే!"

"చందమామ మాటలన్నీ నీకు నోటికి వచ్చుగా?"

"వచ్చు. నన్ను చందమామంటే జనం నవ్వుతారట. డ్రామా టీచర్ చెప్పింది." కాసేపు గోడ గీకి, చిన్నగా అడిగింది. "అమ్మా, ఆ చేపల నీళ్ళు కాసిని తెస్తావా?"

చేపలామె కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఆ చేపల వింతను ఇంటికొచ్చి కథలుకథలుగా చెప్పింది తనే మరి!

"మనుషులకు కాదే ఆ నాచు నీళ్ళు. ఆ చేపల్నైనా మంచినీళ్ళలోకి మారిస్తే మళ్ళీ చుక్కలు వచ్చేస్తాయి, తెలుసా?" అంది.

మంచం మీద కూచున్న అమ్మమ్మ ఇదంతా విన్నది. ఆవిడ చెవికి నాచు అన్న మాట ఒక్కటే ఆనింది.

మర్నాడు చేపలామె ఇంటికి వచ్చేసరికి బుడ్డి ముఖం ఎర్రగా ఉబ్బిపోయి ఉంది. బుగ్గల నిండా దద్దుర్లు. అమ్మమ్మ విసనకర్రతో విసురుతోంది. కిటికీలో ఆకుపచ్చ సీసా.

"ఏం రాశావమ్మా దీనికి?"

"నాచు మందేనే. సీసా మీది బొమ్మ చూసే కొన్నాను. చక్కగా పట్టించాను."

చేపలామె సీసా తిప్పి చదివింది. "'కుండీలలోని మొక్కల బలానికి. బకెట్ నీళ్ళలో ఒక మూత కలిపి పోయవలెను.' ఇది మొక్కల ఎరువమ్మా! నీళ్ళు కూడా కలపకుండా పిల్ల ముఖానికి పూస్తావా? కొమ్మలు మొలుస్తాయనుకున్నావా?"

"కళ్ళజోడు లేదే..."

"నీకు బుర్రే లేదు! నా చిన్నప్పుడు పీచు పెట్టి రక్తం వచ్చేలా రుద్దావు. చాల్లేదా?"

అమ్మమ్మ విసరడం ఆపింది. "పుట్టినప్పటి నుంచీ నన్ను ఒసే నల్లదానా అనే పిలిచారే. పేరుందని మా ఇంట్లోవాళ్ళకే గుర్తులేదు. దీనికైనా తప్పుతుందని..."

ఆ మాటతో చేపలామె కోపం చల్లారలేదు, తల్లిని వదిలి బడి మీదికి తిరిగింది. బుడ్డిని డాక్టరుకు చూపించి, పొద్దున్నే చెయ్యి పట్టుకుని బడికి లాక్కెళ్ళింది.

డ్రామా టీచర్ పిల్ల ముఖం చూసి నొచ్చుకుంది. "అయ్యయ్యో! పర్లేదులెండి, ఎలాగూ దుప్పటి కప్పేస్తాంగా."

చేపలామెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కప్పేస్తారా? మీ చందమామ మీద మచ్చల్లేవా మేడమ్? నా కూతురికి ఇప్పుడు బోలెడున్నాయి, చూసుకోండి!"

"కోప్పడకండి. చందమామ వేసే అమ్మాయికి బట్టలు కూడా కుట్టించేశారు. ఇప్పుడెలా మారుస్తాం?"

"అయితే నా పిల్లే వెయ్యదు. పదవే!"

బుడ్డి కదల్లేదు. "నేను వేస్తానమ్మా" అంది.

"సిగ్గు లేదుటే నీకు?"

"వేస్తాను" అంది మళ్ళీ, నేల చూపులు చూస్తూ.

నాటకం నాటికి దద్దుర్లు తగ్గాయి గానీ బుగ్గల మీద చర్మం పొట్టు లేస్తూనే ఉంది. చేపలామె పళ్ళు బిగించుకుని ముందు వరసలో కూచుంది. పక్కన అమ్మమ్మ, ఈసారి కళ్ళజోడుతో.

స్టేజి మీద నల్ల దుప్పటి ముద్దగా పడి ఉంది. వెండి కాగితాలు తళతళలాడిస్తూ చందమామ వచ్చింది. దుప్పటి లేచి నిలబడింది. 'అమ్మో' అనలేదు. తెర పక్క నుంచి టీచర్ పొమ్మని చెయ్యి ఊపుతోంది. బుడ్డి దుప్పటి లాగి కింద పడేసింది. పొట్టు లేచిన నల్లటి ముఖం దీపాల వెలుగులో అందరికీ కనబడింది.

"నేను పోను" అంది.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చేపలామె తల తిప్పి ఒక్క చూపు చూసింది, నవ్వు ఆగింది.

పాపం, చందమామ పిల్ల బిక్కముఖం వేసింది. "మరి... నేనెక్కడ నిలబడాలి?"

"పక్కన నిలబడు. చోటుందిగా."

అమ్మమ్మ కూతురి చెవిలో గుసగుసలాడింది. "ఇలా ఉందా ఏమిటే నాటకంలో?"

"లేదు" అంది చేపలామె. అందరూ చప్పట్లు కొట్టారు గానీ ఆమె కొట్టలేదు. బిగించిన పిడికిళ్ళు ఇంకా విడలేదు మరి.