లింగమూర్తిగారి పొద్దుటి ప్రశ్న

కొత్తగూడలో ఎవరు ఎదురుపడినా లింగమూర్తిగారు నమస్కారానికి ముందు ఒకటే అడిగేవారు: "పొద్దున కడుపు సాఫయిందా?" పశువుల దవాఖానలో ముప్పయ్యేళ్ళు కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. నవ్వకుండా, జ్వరం ఎంతుందని అడిగినంత గంభీరంగా అడిగేవారు.

ఎడ్లబండి తోలుకుపోతున్న బాలనర్సయ్యను ఆపి అడిగారు. ఎదురింటికి పెళ్ళిచూపులకొచ్చిన వరుణ్ణి తండ్రి ముందే అడిగారు. "అయిందండి" అని వరుడు లేచి నిలబడి చెప్పాడు. సంబంధం కుదిరింది.

1974లో మా నాన్నగారు ఆ ఊరి బడికి హెడ్మాస్టరుగా వచ్చారు. లింగమూర్తిగారి పక్కింట్లో దిగాం. ఎం.ఏ. తెలుగు ముగించి ఇంట్లో ఉన్న నన్నూ ఆయన రోజూ గోడమీంచి అడిగేవారు. నేను పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకునేదాన్ని. ఏడాదిపాటు ఆయన పుస్తకాల అట్టలనే పలకరించారు. వాళ్ళింటి నుంచి వారానికి రెండుసార్లు తోటకూర మాత్రం వచ్చేది.

మరుసటి వేసవిలో మా పెరటి పిల్లిని కుక్కలు చంపేశాయి. కళ్ళు తెరిచి వారమైన కూన ఒకటి మిగిలింది. గేదెపాలు పట్టాను. రెండోరోజుకు తాగడం మానేసింది. పొట్ట రాయిలా బిగిసింది. ముక్కుతూ అరిచేది. అమ్మ ఆముదం గిన్నె తెచ్చింది. "మిమ్మల్నందరినీ ఇదే పోసి పెంచాను."

గోడమీద తల కనబడింది. "కడుపు సాఫయిందా బిడ్డా?"

"లేదండీ. రెండు రోజులైంది," అన్నాను. ఏడాదిలో అదే నా మొదటి జవాబు.

ఆయన ముఖం పాలిపోయింది. "రెండు దినాలా! ఇప్పుడా చెప్పుడు?"

"నాకు కాదండీ. దీనికి."

అరవయ్యేళ్ళ మనిషి గోడ దూకారు. "ఆముదం వద్దమ్మా! గింత పానం, తట్టుకోదు. తల్లి నాకితెనే దీనికి వస్తది. తల్లి లేదు గద, ఇగ ఆ పని మనదే."

అమ్మ స్తంభం పట్టుకుంది.

ఆయన దూది గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పిండి, కూన తోక కింద మెల్లగా రాశారు. "పాలు పట్టినప్పుడల్లా గిట్ల చెయ్యాలె. బర్రెపాలు బంద్. మేకపాలల్ల నీళ్ళు కలుపు. పొద్దుగూకేదాక కాకుంటే డాక్టరు దగ్గరికి తీస్కపోదాం."

మూడోసారికి మినపగింజంత వచ్చింది. కూన అరుపు ఆగింది. లింగమూర్తిగారు వీధిలోకి వెళ్ళి "అయింది!" అని ప్రకటించారు. ఎవరికని అడక్కుండానే బాలనర్సయ్య చేతులు జోడించాడు.

ఆయన భార్య బుచ్చమ్మగారు నాతో మెల్లగా అన్నారు: "నోరులేని జీవాలు చెప్పలేక సచ్చుడు శానా సూసిండమ్మా. నోరున్నోళ్ళనన్న ముందుగాల అడగాలెనంటడు. నువ్వు ఏడాది సంది చెప్పకపోతివి. నీ ఫికరుతోనే తోటకూర పంపుతుండె."

మర్నాడు గోడమీంచి అదే ప్రశ్న. పుస్తకం దించాను.

"ఇద్దరికీ అయిందండీ."

ఆ వారం తోటకూర రాలేదు.