ఏడు గజాల దూరం

విశ్వనాథం అంటే నాకు మొదటినుంచీ పడదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే ఎవరో ప్రాణస్నేహితుడి గురించి రాస్తున్నానని మీరనుకుంటారు.

తొంభై తొమ్మిదిలో ఇద్దరం ఒకే విమానంలో సింగపూర్ వచ్చాం, ఒకే కంపెనీకి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని లోకం గగ్గోలు పెడుతున్న రోజులవి. తంజోంగ్ పగార్‌లో ఆఫీసు, టోవా పాయోలో పక్కపక్క బ్లాకుల్లో ఫ్లాట్లు. వాడికి పెళ్ళి కాలేదు కాబట్టి వారానికి రెండుసార్లు మా ఇంట్లోనే భోజనం. తింటూ తింటూ, "వదినా, పులుసులో ఉప్పు తగ్గింది" అనేవాడు. మా సరోజిని నవ్వి ఉప్పు డబ్బా అందించేది. నాకు ఒళ్ళు మండేది, ఎందుకంటే ఉప్పు నిజంగానే తగ్గేది.

ఆఫీసులోనూ అదే తంతు. ప్రోగ్రాంలో తప్పు దొరికితే నేను ఈమెయిల్ పెట్టి ఊరుకుంటాను. వాడు ఆ తప్పు చేసిన మనిషి కుర్చీ పక్కకెళ్ళి నిలబడతాడు. సరిచేసేదాకా కదలడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. తీరా లెక్కపెడితే ఆ కుందేలుకి మూడే ఉండేవి, అదింకా మంట.

మా మేనేజరు గ్రెగ్ అమెరికావాడు. శనివారం సాయంత్రాలు మా అందరిచేతా వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ ఆడించేవాడు. మీద పడి కుమ్ముకునే ఆట కాదులెండి. నడుముకి కట్టిన బెల్టుకి రెండు గుడ్డ పీలికలు వేలాడతాయి, బంతి ఉన్నవాడి పీలిక లాగేస్తే చాలు. క్రికెట్ తప్ప మరొకటి ఎరగని వాళ్ళం బుద్ధిగా వెళ్ళేవాళ్ళం. మా కాంట్రాక్టులు పొడిగించేది ఆయనే మరి.

విశ్వనాథం విజయనగరంలో కాలేజీ కబడ్డీ జట్టుకి కుడి కార్నర్. ఈ ఆటలోనూ కార్నర్ ఉంటాడని గ్రెగ్ అనగానే, "అది నాదే" అని వెళ్ళి నిలబడ్డాడు. మొదటి రోజే ఎదుటివాడి చీలమండ ఒడిసిపట్టి నేలమీద పడుకోబెట్టాడు. విజిల్ మోగింది. "ఏటి, కార్నర్ పని ఇదే కదా?" అని వాడే ఎదురు ప్రశ్న వేశాడు.

ఈ ఆటలో కార్నర్ పని వేరు. బంతి అందుకోవడానికి పరిగెత్తేవాణ్ణి ఒంటరిగా కాయాలి. దానికి రెండు పద్ధతులు. ఆఫ్ అంటే ఏడు గజాలు వెనక నిలబడి, దగ్గర్లోకి విసిరిన బంతి పట్టుకుంటే పట్టుకోనిచ్చి, ముందుకొచ్చి పీలిక లాగడం. ప్రెస్ అంటే చెయ్యి చాచినంత దూరంలో నిలబడి, కదలగానే రెండు చేతులతో గుండెల మీద తట్టి, పరుగు చెడగొట్టడం. ఆఫీసుల మధ్య జరిగే మా లీగులో మొదటి అయిదు గజాల్లో అలా తట్టనిచ్చేవారు. తగిలిందా, వాడి ఆట కట్టు. తప్పిందా, వాడు నిన్ను దాటేసినట్టే.

గ్రెగ్‌ది ఆఫ్ మతం. విశ్వనాథానిది, చెప్పాలా, ప్రెస్. "ఏడు గజాలు వదిలేసి, ఆడికి దండం పెట్టమంటారేటి?" అనేవాడు. ప్రతి శనివారం గొడవే. చివరికి గ్రెగ్ ఒక షరతు పెట్టాడు: వెనక సేఫ్టీ ఉంటేనే ప్రెస్. సేఫ్టీ అంటే అందరికన్నా వెనక నిలబడే కాపలా. కార్నర్‌ని దాటి వచ్చినవాణ్ణి ఆపాల్సింది అతనే. ఆ సేఫ్టీని నేను.

ప్రెస్ చేసేవాడు వెనక్కి తిరిగి చూడలేడు. అందుకని విశ్వనాథం, "రంగనాథ్, ఉన్నావేటి?" అని అరిచి అడిగేవాడు. "ఉన్నా" అని నేనంటేనే ముందుకెళ్ళేవాడు.

రెండువేలు వచ్చింది. ఏ కంప్యూటరూ మొరాయించలేదు. ఇక మాతో పనేముంది? ఫిబ్రవరికల్లా, మా ఇద్దరిలో ఒక్కరికే పొడిగింపని ఆఫీసంతా గుప్పుమంది. సరోజినికి అయిదో నెల. నా ఉద్యోగపు పాసు రద్దయితే ఆలుమగలిద్దరం దేశం వదిలి మూటాముల్లే సర్దుకోవాలి. విశ్వనాథం పనిలో నాకంటే గట్టివాడని నాకు తెలుసు, గ్రెగ్‌కీ తెలుసు. ఆ వారం అన్నం సహించలేదు.

ఆ శనివారమే లీగు ఫైనల్. మేం నాలుగు పాయింట్లు ముందున్నాం, అవతలి జట్టుకి బంతి విసిరే అవకాశం ఇంకొక్కటే మిగిలింది. విశ్వనాథానికి ఎదురుగా డెరిక్ అని ఆరడుగుల సింగపూర్ కుర్రాడు. "అంకుల్, యూ కెనాట్ కాచ్ మీ లా" అని వాళ్ళ సింగపూర్ యాసలో ఆట మొదలైనప్పట్నించీ వేళాకోళం. బయటినుంచి గ్రెగ్ ఏడు వేళ్ళు చూపించాడు, వెనక్కి రమ్మని. విశ్వనాథం డెరిక్ ముక్కుకి ముక్కు తగిలేలా నిలబడే ఉన్నాడు.

"రంగనాథ్, ఉన్నావేటి?"

"ఉన్నా" అన్నాను. అని, అవతలి పక్కకి జరిగాను.

వాడు డెరిక్‌ని సరిగ్గా తట్టాడు, చెప్పుకోవాలి. మైదానం పక్క గీత వైపు పోనివ్వకుండా కావాలనే లోపలికి మళ్ళించాడు, నా చేతికి చిక్కేలా. అక్కడ నేను లేను. డెరిక్ బంతి పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళినట్టు వెళ్ళి చివరి గీత దాటాడు. దానికి ఆరు పాయింట్లు, మేం ఓడిపోయాం.

చూసేవాళ్ళకి ఓడిన కార్నర్ ఒక్కడే కనిపిస్తాడు. సేఫ్టీ ఎక్కడుండాలో ఎవరికీ తెలీదు. తన సైగ విననందుకు గ్రెగ్ వాణ్ణి అందరి ముందూ చెడామడా తిట్టాడు. విశ్వనాథం ఆయన వంక చూడలేదు, నా వంక చూశాడు. నేను బూటు లేసు కట్టుకున్నాను.

సోమవారం గ్రెగ్ మా ఇద్దర్నీ పిలిచి చెరో ఉత్తరం ఇచ్చాడు. ఇద్దరికీ రెండేళ్ళ పొడిగింపు. కింద సంతకం పక్కన తేదీ చూశాను. శుక్రవారం.

విశ్వనాథం మా ఇంటికి భోజనానికి రావడం మానేశాడు. సరోజిని అడిగితే, వాడికి పొగరెక్కువైందన్నాను. ఆఫీసులో నాతో పని మాటలు తప్ప మరో మాట లేదు. అరిచి పోట్లాడి ఉంటే నేనూ నాలుగు అని వదిలించుకునేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు, వెధవ.

మరుసటి సీజను మొదటి ఆటలో వాడు ఏడు గజాలు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. రెండో ఆటలోనూ అంతే. కుర్రాళ్ళు దగ్గర్లో బంతులు పడుతుంటే ఓపిగ్గా వచ్చి పీలికలు లాగేవాడు. గ్రెగ్ మురిసిపోయాడు. వాడి భుజం తట్టి, "నా మాట ఇప్పటికి తలకెక్కిందన్నమాట. ప్రెస్ ఎందుకు మానేశావు?" అని నా ఎదురుగానే అడిగాడు.

"అది వెనక మనిషి ఉంటే ఆడే ఆట" అన్నాడు విశ్వనాథం.

"ఉన్నాడుగా" అని గ్రెగ్ నన్ను చూపించాడు.

విశ్వనాథం నీళ్ళ సీసా మూత బిగించి, తన చోటికి వెళ్ళి నిలబడ్డాడు. గ్రెగ్ నా వైపు తిరిగి, వాడి ఉద్దేశమేమిటని అడిగాడు. నాకూ అర్థం కాలేదన్నాను.