తంగేడు కషాయం, ఎలుకల సాక్ష్యం

బాపు షుగర్ గోలీలు మానేసి పన్నెండు రోజులైందని అవ్వ, అంటే మా అమ్మ, ఫోన్ చేసింది. పరీక్ష చేయిస్తే మూడు వందలు దాటిందట. వెంటనే కరీంనగర్‌లో బస్సెక్కి నస్పూర్ చేరాను. మూఢనమ్మకాల మీద ఊరూరా చర్చలు పెట్టే నాకు సొంతింట్లోనే ప్రతిపక్షం పుట్టిందన్న కోపం.

బొగ్గు గనిలో, మా మాటలో బాయిలో, ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన బాపు, గద్దె మీద కూర్చుని తంగేడుపూల కషాయం తాగుతున్నాడు.

"తంగేడుతోని షుగర్ తగ్గుతదా అని ఫోన్ల అడిగిన బిడ్డా. తగ్గుతదని పది వీడియోలు వచ్చినయ్."

"నువ్వేది అడిగితే అదే చూపిస్తది బాపూ!" అని, తంగేడుతో షుగర్ పెరుగుతుందా అని అదే ఫోన్‌లో వెతికాను. పెరుగుతుందని చెప్పేవాళ్లు కూడా దొరికారు.

"ఇగ రెండు కలిస్తె సమానమైతది గదా," అన్నాడు బాపు.

లాభం లేదని, డాక్టర్లు పరిశోధనలు వెతుక్కునే డేటాబేస్ తెరిచాను. ఇందులో అడ్డమైన వీడియోలుండవని గంభీరంగా ప్రకటించి, ఆ ఊపులో తెలుగులోనే 'తంగేడు' అని కొట్టాను. ఫలితాలు సున్నా.

"గింత పెద్ద దాంట్ల తంగేడే లేదా? బతుకమ్మ సుత ఆడరా వీళ్లు?"

మొక్క శాస్త్రీయ నామం పట్టుకుని మళ్లీ వెతికాను. ఈసారి వ్యాసాలు బారులు తీరాయి. మొదటిది తెరిచాను. తంగేడు ఇస్తే ఎలుకలకు షుగర్ తగ్గింది! దాచిపెడితే నేనేం హేతువాదిని? చదివి వినిపించాను.

బాపు మీసం దువ్వాడు. "ఎలుకకు తగ్గినప్పుడు నాకు తగ్గదా? ఎలుక కంటె తక్కువోన్నా నేను?"

"ఎలుక నీ లెక్క దాసుకోని జిలేబీ తింటదా?" లోపలి నుంచి అవ్వ.

నేను మిగతా వ్యాసాలు కూడా తిరగేస్తూ పేజీ చివరిదాకా వెళ్లాను. "దీంట్ల అన్నీ ఎలుకలే బాపూ. ఒక్క మనిషి లేడు."

"మనిషికి ఇచ్చి సూడనే లేదా?"

"నాకైతె కనవడలే."

బాపు గ్లాసు కింద పెట్టాడు. బాయిలో కొత్త జాగాలో అడుగుపెట్టే ముందు కడ్డీతో పైకప్పు కొట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందని తేలాకే మనుషులను రానిస్తారు. కొట్టి చూడని చోటికి పొమ్మన్న ఆఫీసరు మీద ఒకసారి బాపు చెయ్యి చేసుకునేదాకా పోయాడు.

"అంటె కప్పు కొట్టకుంటనే నన్ను తోలిన్రన్నట్టు!"

కషాయం మోరీలో పారబోశాడు. గోలీ మింగాడు. తనతోపాటే ఆ కషాయం తాగుతున్న పాత షిఫ్టు దోస్తుకు ఫోన్ కలిపి, వీధంతా వినపడేలా అరిచాడు:

"అరేయ్, జల్ది బయటికి రా! గాడ కప్పు కొట్టలే!"