రవ్వ కోపం

చిన్న విమానాలు బాగుచేసే షెడ్డులో ఆమెను అందరూ రవ్వ అంటారు. నిప్పురవ్వలో నిప్పు వదిలేసి పిలుస్తారుగానీ, ఉన్నదంతా నిప్పే. బోల్టు సరిగా బిగించనివాణ్ణి నిలబెట్టి కడిగేస్తుంది. తర్వాత ఆ బోల్టు తనే బిగిస్తుంది. ఇంజిన్ల మీద ఇష్టం తండ్రి నుంచి అబ్బింది. ఆయన బతుకంతా విమానాలు నడిపి రిటైరైన మనిషి. సరదాకి ఇంకా తన రెండు సీట్ల విమానం ఎగరేస్తుండేవాడు. పక్క సీట్లో ఎప్పుడూ కూతురే.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ అలా ఎగిరి తిరిగొచ్చేసరికి గాలి మారిపోయింది. ఎడమవైపు నుంచి రన్‌వేకి అడ్డంగా ఈడ్చి కొడుతోంది. నేల దగ్గరయ్యేకొద్దీ విమానం ఊగిపోతోంది.

"నాన్నా, ఇప్పుడొద్దు. పైకి లేపు. ఇంకో చుట్టు తిరిగొద్దాం."

"నాకు నేర్పుతున్నావా?"

చక్రాలు ఒకసారి నేలను తాకి ఎగిరిపడ్డాయి. ముక్కు గాలివైపు తిరిగిపోయింది. ఇంజిన్ వేగం పెంచి పైకి లేపడానికి ఇంకా వీలుంది. ఆమె వేగం పెంచే పిడి మీద చెయ్యి వేయబోయింది. తండ్రి ఆ చేతిని విసిరికొట్టాడు. మరుక్షణం విమానం ఆయన మాట వినడం మానేసింది. మళ్ళీ నేలకు తగిలి, అడ్డదిడ్డంగా గడ్డిలోకి దూసుకుపోయి, ఒక చక్రం విరిగి, కుడి రెక్క మీద కూలబడింది. ఆయనకు గీత కూడా పడలేదు. ఆమె మణికట్టు విరిగింది.

ప్రాణాలు దక్కాయి, అంతే చాలని ఆమె సరిపెట్టుకునేదే. కానీ కట్టుతో మర్నాడు షెడ్డుకొచ్చేసరికి, తండ్రి టీ తాగుతూ స్నేహితులకు చెబుతున్నాడు: "నేను దించేసేవాణ్ణే. మా అమ్మాయి కంగారుపడి చెయ్యి అడ్డం పెట్టింది."

ఆమెకు ఒళ్లు భగ్గుమంది. "ఇంకోసారి చెప్పు నాన్నా. నా మొహం చూసి చెప్పు."

"అబ్బ, ఇప్పుడెందుకమ్మా గొడవ?"

"తప్పు గాలి మీద తోసేసినా ఊరుకునేదాన్ని. నా మీదా?"

స్నేహితులు గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఆయన ఇంకో గుక్క టీ తాగాడు.

ఇంట్లో అమ్మ బతిమాలింది. "ఆయన పెద్దవారమ్మా. నలుగురిలో చిన్నబుచ్చకు."

"ఆ నలుగురి మధ్యే నేనూ పనిచేస్తున్నానమ్మా. కంగారుపడే చెయ్యి బాగుచేసిన విమానం రేపు ఎవరెక్కుతారు?"



విచారణకు వచ్చిన అధికారి తండ్రీకూతుళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టాడు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. తను పైకి లేపమనడం, ఆయన తన చెయ్యి విసిరికొట్టడం, అన్నీ. అధికారి తండ్రివైపు తిరిగాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "అమ్మాయి చెప్పిందే నిజం" అన్నాడు.

బయటికొచ్చాక ఆమె భుజం తట్టబోయాడు. "ఒప్పుకున్నానుగా. ఇంకా కోపమేనా?"

"అధికారి అడిగితే ఒప్పుకున్నావు. నేనడిగితే టీ తాగావు."

ఆయన లైసెన్సు పోయింది. మణికట్టు నయమయ్యాక ఆ విమానాన్ని ఆమే బాగుచేయడానికి తీసుకుంది. పొద్దస్తమానం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటాడు తండ్రి. వచ్చినవాళ్లకు ఇప్పుడు అసలు సంగతే చెబుతాడు. "మా రవ్వ పైకి లేపమంది, నేనే వినలేదు" అని, చేతులు రెక్కల్లా ఊపి మరీ నవ్విస్తాడు.

"అందులో నవ్వడానికేం లేదు నాన్నా" అని ఆమె చేతిలో పానా బల్లమీద పడేసి బయటికి నడుస్తుంది.