గాలాడని పాట

మా బావకి ఏ పాటైనా బిగుతే. పగలు దర్జీ, సాయంత్రం మా బూరల బ్యాండుకి పెద్ద. కుట్టుమిషన్లు గోడకి జరిపి, ఆయన కొట్లోనే పన్నెండుమందిమి సాధన చేస్తాం. పాట ఎంపిక మాత్రం ఆయనదే. మేం తెచ్చిన స్వరాల కాగితాన్ని బల్లమీద పరిచి, మెడలో వేలాడే టేపుతో విరామానికీ విరామానికీ మధ్య దూరం కొలుస్తాడు. నిజంగా కొలుస్తాడు, నామీద ఒట్టు.

"నాలుగంగుళాల పాటు ఊపిరి తీసుకునే చోటే లేదు. గాలాడదు. తీసెయ్."

"అది చొక్కా కాదు బావా, పాట."

"తొడుక్కునేవాడికి రెండూ ఒకటేరా."

అలా ఏరి ఏరి ఆయన ఉంచేవన్నీ నత్తనడక పాటలు. మధ్యలో మా డ్రమ్మాయన ఒక కునుకు తీసి లేచేవాడు. పార్కులో పోటీకి మూడేళ్లుగా వెళ్తున్నాం, మూడేళ్లూ ఆఖరే. ఈసారీ అంతే అయితే ఇక పిలిచేది లేదని పార్కువాళ్లు మొహమ్మీదే చెప్పేశారు.

నాకు ఒళ్లు మండింది. హుషారైన కవాతు పాటొకటి పట్టుకొచ్చి, ఇదే కావాలని అందరిచేతా చేతులెత్తించాను. పెద్దబూర ఊదే తాత కూడా ఎత్తాడు. రిటైరైన పోస్ట్‌మాన్ ఆయన. ఒంటరి మనిషి, మా సాధన తప్ప ఆయనకి వేరే కాలక్షేపం లేదు.

"నీ ముచ్చట నువ్వే తీర్చుకో" అని బావ బ్యాండుని నడిపించే పుల్ల నా చేతిలో పెట్టి, కిటికీ దగ్గర గుండీలు కుట్టుకుంటూ కూర్చున్నాడు.

పాట అదిరిపోయింది, ఓ అర నిమిషం. తర్వాత అడుగున పెద్దబూర మోగాల్సిన చోట ఖాళీ. చూస్తే తాత మొహం ఎర్రగా కందిపోయింది. ఊదకుండా ఉత్తినే బుగ్గలు పూరిస్తున్నాడు. పాట ఆపేశాను.

"రేపట్నుంచి నేను రాన్లే బాబూ. ఇంకెవర్నైనా చూసుకోండి" అని బూర కింద పెట్టేశాడు.

బావ టేపు ఇన్నాళ్లూ ఎవరి ఊపిరిని కొలుస్తోందో అప్పుడర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాకే ఆయాసమొచ్చి చస్తుంటే మధ్యలో నీ గోలేంటి తాతా" అన్నాడు బావ, సూది చేతిలో ఉండగానే గుండె పట్టుకుని.

"నాకూ ఊపిరాడట్లేదు" అన్నాను. క్లారినెట్ టీచరమ్మ దగ్గు మొదలెట్టింది. డ్రమ్మాయనైతే, ఇక తనవల్ల ఊదడం కాదన్నాడు. పోటీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

తాత మమ్మల్నందర్నీ ఎగాదిగా చూసి, బూర మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఈ వయసుకే ఇలా అయిపోతే ఎలా? సరే, ఆ నెమ్మది పాటే తీయండి. మీకోసం నేను సర్దుకుంటాలే."