ఇన్‌స్పెక్షన్ పేషెంట్లు

మా చీఫ్ సర్జన్‌కి చెయ్యి ఆగేది కాదు. ఆపరేషన్ మధ్యలో పీజీ డాక్టరు ముడి వదులుగా వేస్తే, చేతిలో ఉన్న ఫోర్సెప్స్‌తోనే వేళ్ళ కణుపుల మీద ఠంగుమని కొట్టేవాడు. థియేటర్ బయటైతే చెంపదెబ్బలు. తన గదిలో ఉంటే ఏది అందితే అది విసరడమే. ఎక్కువగా గాజు పేపర్‌వెయిట్ అందేది. అది తగిలి పడిన గుంటలు ఆ గది గోడల నిండా ఉండేవి, సున్నం వేయడానికి వచ్చిన మేస్త్రీ ప్రతిసారీ సణుక్కుంటూ పూడ్చేవాడు. నలుగురిలో ఆయన్ని సార్‌గారు అనేదాన్ని. మనసులో ఆ గారు ఎప్పుడూ లేదు కాబట్టి ఇక్కడా పెట్టను.

అరకు దాటాక కొండల్లో ఉన్న ఆసుపత్రి మాది. ఎంబీబీఎస్ అయిన పిల్లలు సర్జరీ నేర్చుకోవడానికి మూడేళ్ళు అక్కడ ఉండేవారు. వాళ్ళ డ్యూటీ చార్టులు, సెలవులు, పరీక్ష ఫీజులు, హాస్టల్లో వేడినీళ్ళ గొడవలు, లాగ్‌బుక్‌లో సార్ సంతకాలు, అన్నీ ట్రైనింగ్ సెక్షన్ అసిస్టెంటునైన నా నెత్తి మీదే. విజయనగరం వైపు నుంచి ఉద్యోగం కోసం కొండెక్కినదాన్ని. నోరు కాస్త ఎక్కువ. దెబ్బలు తిన్న పిల్లలు తిన్నగా నా గదికొచ్చి, వాచిన వేళ్ళను చల్లటి ఇనుప బీరువా తలుపుకు ఆనించి నిలబడేవారు. నేను టీ కాచి ఇస్తూ ఆయన్ని కడుపారా తిట్టేదాన్ని. వాళ్ళు మాత్రం కిక్కురుమనేవారు కాదు. ఆయన సంతకం లేనిదే పరీక్షకు కూర్చోలేరు మరి.

వాళ్ళలో అనకాపల్లి బెల్లం వ్యాపారి కూతురు ఒకమ్మాయి ఉండేది. రెండో సంవత్సరం. అందరికంటే ఎక్కువ దెబ్బలు ఆ పిల్లకే. ఆడపిల్లకు సర్జరీ ఎందుకని ఆయన లెక్క. ఆ పిల్ల బీరువాకు చెయ్యి ఆనించి కిటికీలోంచి కొండకేసి చూస్తూ ఉండేది తప్ప కంట తడి పెట్టేది కాదు. నాకే ఏడుపొచ్చేది.

తొంభైల చివర్లో ఒక మార్చి నెలలో ఢిల్లీ నుంచి ఇన్‌స్పెక్షన్ అని కబురొచ్చింది. ట్రైనింగ్ సీట్లు ఉండాలంటే మంచాలు నిండి ఉండాలి. మార్చి అంటే మా కొండల్లో ఇప్పపువ్వు రాలే కాలం. ఆ రోజుల్లో ఒళ్ళు కాలిపోతున్నా సరే, పువ్వు ఏరుకోవడం మానేసి ఆసుపత్రికి ఎవరూ రారు. వార్డు సగం ఖాళీ. ఆయన నన్ను పిలిచి, ఒక్క మంచం ఖాళీగా కనిపించినా నిన్నే దాని మీద పడేసి కోస్తాను అన్నాడు. పేపర్‌వెయిట్ అరచేతిలో తిప్పుతూ అన్నాడు. ఇలాంటి పని చాలా ఆసుపత్రులు చేసేవే. అన్నం పెడతామని చెప్పి జనాన్ని తెచ్చి, కట్లు కట్టి పడుకోబెట్టడం.

నాకు తెలిసిన ఊరు ఒకటుంది. ఆ ఊరి పెద్దలాంటి మనిషి పెళ్ళాం సంతలో చీపుళ్ళు, అల్లం, పిప్పళ్ళు అమ్మేది. మంచి చీపురు ఒకటి కుప్ప అడుగున నాకోసం దాచి ఉంచేది. అక్కా అన్నట్టు నన్ను అప్పా అని పిలిచేది. జీపు వేసుకుని వాళ్ళింటికే వెళ్ళాను. తలా ఒక కొత్త దుప్పటి, మాంసం కూరతో భోజనం, పొద్దున్నే తీసుకెళ్ళి మధ్యాహ్నానికి దింపేస్తాం అన్నాను. అతను పగలబడి నవ్వాడు.

“ఏటమ్మా, రోగం లేకండా మంచమెక్కాలా?”

అయినా ఒప్పుకున్నాడు. ఒక్క ఊరి మగవాళ్ళైతే జీపుకి సులువని, మాట్లాడటానికి ఒక్క మనిషి చాలునని నేను సంబరపడ్డాను. ఇప్పచెట్ల కిందికి తెల్లవారుజామున వెళ్ళాలి. ఆ పువ్వంటే ఎలుగుబంట్లకు ప్రాణం. అందుకని మగవాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని, డబ్బాలు మోగించుకుంటూ ముందు నడుస్తారు, ఆడవాళ్ళు వెనక ఏరుకుంటారు. మగోలు లేకపోతే ఎలాగని పెళ్ళాం గుమ్మంలోంచి ఏదో అనబోయింది. ఒక్క పూటేనే అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

ఇన్‌స్పెక్షన్ నాడు చీకటుండగానే జీపు తిరిగింది. నర్సులు ఒకడి కాలికి, ఒకడి తలకి కట్లు కట్టారు. సెలైన్ గొట్టాలు సూది లేకుండా చేతులకు ప్లాస్టర్‌తో అంటించారు. పక్కమంచం మీద తమ్ముణ్ణి ఆ వేషంలో చూసి ఒకడికి నవ్వాగలేదు. చీఫ్ రౌండ్‌కి వస్తూ వాణ్ణి లాగి చెంప మీద ఒక్కటిచ్చాడు.  చీపుళ్ళమ్మే ఆవిడ మొగుడు కిటికీ పక్క మంచం మీద లేచి కూర్చున్నాడు. పడుకోమని నేను సైగ చేశాను. పడుకున్నాడు గానీ నా వంక నుంచి చూపు తిప్పలేదు.

పొద్దెక్కాక ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు దిగారు. నా గదిలో కూర్చుని రిజిస్టర్లు తిరగేస్తూ జీడిపప్పు తింటున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా గేటు తియ్యొద్దని వాచ్‌మన్‌కు ఆర్డరు. ఆపరేషన్ థియేటర్ అద్దంలా తోమి, తాళం వేసి, ఆ తాళాలు నాకే ఇస్తే నడుముకి దోపుకున్నాను. లోపల ఎవరూ అడుగు పెట్టకూడదు.

అప్పుడు గేటు దగ్గర కేకలు. పరుగెత్తి చూస్తే ఆడవాళ్ళు డోలీ మోసుకొచ్చారు. అందరూ ఆడవాళ్ళే. కర్రకు కట్టిన చీరలో ఒక మనిషి, ముఖమంతా ఇంకో గుడ్డతో చుట్టి ఉంది, ఆ గుడ్డలోంచి నెత్తురు బొట్లు బొట్లుగా ఎర్రమట్టిలో పడుతోంది. ఎలుగు కొట్టింది, బేగి తియ్యండి అని ముందు మోస్తున్న ఆవిడ గేటు ఊపుతోంది. వాచ్‌మన్ లోపలి నుంచి లాఠీతో ఆమె వేళ్ళ మీద కొట్టాడు. ఆమె వదల్లేదు. మళ్ళీ కొట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి ఛాతీ మీద చెయ్యి పెట్టి తోసేసి గేటు గడియ తీశాను. బెల్లం వ్యాపారి కూతురు అప్పటికే వచ్చేసింది. గుడ్డ కొంచెం తొలగించి చూసింది. నేనూ చూశాను. నుదుటి నుంచి చర్మం వెనక్కి ఒలిచేసి ఉంది. ఒక కన్ను ఉండాల్సిన చోట లేదు. మిగిలిన కన్ను నన్ను చూసింది. పెదాలు కదిలాయి.

“అప్పా.”

చీపుళ్ళమ్మే మనిషి. 

చీఫ్ వరండాలోంచి దూసుకొచ్చాడు. వెనక షెడ్డులో పెట్టండి, వాళ్ళు వెళ్ళాక చూద్దాం అన్నాడు గొంతు తగ్గించి. ఇప్పుడే థియేటర్‌కి తీసుకెళ్ళకపోతే చచ్చిపోతుంది సార్ అంది ఆ పిల్ల. తగ్గలేదు, డోలీ కర్ర వదల్లేదు. ఆయన చెయ్యెత్తి ఆ పిల్ల చెంప మీద కొట్టిన దెబ్బ వార్డులోకి వినిపించింది. ఆ వెంటనే డోలీలో మనిషి ఒక్క అరుపు అరిచింది, మొగుణ్ణి పేరు పెట్టి.

కిటికీలో అతని తల కనిపించి మాయమైంది. ఆ తర్వాత వార్డు తలుపు విరిగినట్టు తెరుచుకుంది. తలకు కట్లతో, కాళ్ళకు కట్లతో, చేతులకు గొట్టాలు వేలాడుతూ మా పేషెంట్లందరూ బయటికొచ్చారు. సెలైన్ సీసాలు సిమెంటు మీద పగులుతున్నాయి. వాచ్‌మన్ లాఠీ వాడి చేతిలోంచి గుంజి వాడి ముంజేతి మీదే వేస్తే ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. పొద్దున చెంపదెబ్బ తిన్నవాడు చీఫ్‌ని చొక్కా పట్టుకుని గచ్చు మీద పడేసి, మొహం మీద కాలితో తన్నాడు. కళ్ళద్దాలు విరిగి కనుబొమలో దిగాయి. మా వార్డుబాయ్‌లు కర్రలతో వచ్చారు, వాళ్ళ తలలూ పగిలాయి, ఊరివాళ్ళ తలలూ పగిలాయి. అబద్ధపు కట్ల మీద నిజం నెత్తురు. ఇన్‌స్పెక్టర్లు నా గది గడియ పెట్టుకున్నారు.

మొగుడు ఇనుప సెలైన్ స్టాండు పట్టుకుని నా మీదికి వచ్చాడు. గురి తప్పి తగిలింది కాదు. నన్ను చూసే కొట్టాడు. ఎడమ కనుబొమ మీద తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి, కింద కూలబడ్డాను. మళ్ళీ ఎత్తాడు. నా కంట్లోకి నెత్తురు కారుతుంటే నడుము నుంచి తాళాలు తీసి అతని ముందు ఊపాను.

“కొడితే తర్వాత కొట్టు. ముందు డోలీ ఎత్తు. థియేటర్‌కి తే.”

స్టాండు కింద పడేశాడు. కర్ర ఒక చివర భుజానికెత్తుకున్నాడు. నేను గోడ పట్టుకుంటూ ముందు నడిచి తాళం తీశాను. మత్తు డాక్టరు భయపడుతూనే పని చేశాడు. బెల్లం వ్యాపారి కూతురు చెంప మీద ఐదు వేళ్ళూ తేలి ఉండగా గ్లవుజులు వేసుకుని కుట్టడం మొదలుపెట్టింది. బయట గలాటా చల్లారి, జీపులో పోలీసులు వచ్చి, పోయినా ఆ పిల్ల తలెత్తలేదు. కన్ను పోయింది. మనిషి బతికింది.

ఇన్‌స్పెక్టర్లు సాయంత్రం నా గదిలోంచి బయటికొచ్చేసరికి తలలు పగిలినవాళ్ళతో మంచాలన్నీ నిజంగానే నిండి ఉన్నాయి. సీట్లు నిలబడ్డాయి. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కడుపూ రగులుతుంది.

ఇన్‌స్పెక్టర్లు వెళ్ళాక పోలీసులు మళ్ళీ వచ్చి పట్టుకెళ్ళిన మగవాళ్ళను స్టేషన్‌లో అరికాళ్ళ మీద కొట్టారని తెలిసింది. హత్యాయత్నం, దాంతోపాటు ఆసుపత్రి దుప్పట్లు దొంగతనం అని కేసు. మేమిచ్చిన దుప్పట్లే. ఎవరు ఎవర్ని కొట్టారో ఆ గందరగోళంలో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు, ఒక్క నేను తప్ప. ఎస్సై వస్తున్నాడని చీఫ్ ముందే నన్ను గదికి పిలిచాడు. కంటి మీద ప్లాస్టర్, పెదవి వాచి ఉంది. నిన్ను కొట్టినవాడు ఎవడో చెప్పు, ఆ ఒక్కడు లోపలికి పోతే మిగతా అందరూ పోతారు అన్నాడు. చెప్పకపోతే ఆ పిల్ల పరీక్ష సంగతి మరచిపొమ్మని కూడా అన్నాడు. మొగుడు జైలుకు పోతే ఒంటికన్నుతో ఆవిడ గతేమిటి? చెప్పకపోతే ఈ పిల్ల ఇన్నాళ్ళ దెబ్బలు ఏ గంగలో కలవాలి? నాకు భయం వేసింది. భయం కంటే కోపం ఎక్కువగా వచ్చింది.

ఎస్సై ఆ గదికే వచ్చి కూర్చున్నాడు. ఆ పిల్లనీ పిలిపించాడు. నా కట్టు చూసి, ఈ దెబ్బ ఎవరు కొట్టారమ్మా అని అడిగాడు. బల్ల మీద పేపర్‌వెయిట్ ఉంది.

“సార్ విసిరారండి. దాంతో.”

చీఫ్ నోరు తెరిచాడు.  ఎస్సై పేపర్‌వెయిట్ వంక చూసి, తల తిప్పి గోడ వంక చూశాడు. ఆ ఏడాది ఇంకా సున్నం వేయలేదు. ఈ గుంటలేమిటమ్మా అని ఆ పిల్లని అడిగాడు. ఆమె రెండు చేతులూ బల్ల మీద పరిచింది. కణుపులన్నీ నల్లగా, పాతవీ కొత్తవీ. ఎస్సై వాటిని చూసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. సార్, మీరూ మీరూ మాట్లాడుకుంటే మంచిది అన్నాడు.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. మగవాళ్ళు కుంటుతూ ఊరికి పోయారు. మరునాడు నేను ఆ పిల్ల లాగ్‌బుక్ తీసుకెళ్ళి, పైన పేపర్‌వెయిట్ పెట్టి ఆయన ముందుకు తోశాను. పళ్ళు నూరుతూ సంతకం పెట్టాడు. ఆయన చెయ్యి ఆగిపోయిందని అబద్ధం చెప్పను, మిగతా పిల్లల్ని కొడుతూనే ఉన్నాడు. ఆ పిల్లని మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. ఆమె ఇప్పుడు సర్జన్.

వానాకాలంలో సంతకు వెళ్తే చీపుళ్ళు పరుచుకుని ఆవిడ కనిపించింది. ముఖం ఒక పక్క ముడుచుకుపోయింది. మొగుడు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

“కొట్టింది నేనే కదమ్మా. సార్ అని సెప్పేవట.”

నోరు ముయ్యి, చీపురు ఇయ్యి అన్నాను. అతను తల దించుకున్నాడు. ఆవిడ కుప్ప అడుగున చెయ్యి పెట్టి, దాచిన చీపురు తీసి నాకిచ్చింది. నా కనుబొమ మీద మచ్చను వేలితో తడిమింది. కోపం లేదు ఆ గొంతులో, ధర చెప్పినంత మామూలుగా అంది.

“మగోలుంటే ఎలుగు దగ్గిరికొచ్చీది కాదప్పా.”